ఎర్రడబ్బాలో వచ్చిన ఇంటిమనిషి

మా పక్కింటిని కూల్చబోతున్నారని తెలిసిన రోజున ఆ పెరట్లోకి వెళ్ళి నిలబడ్డాను. ముందురోజు వాన పడింది. పెరటి మూలనున్న చిన్న మట్టిపొయ్యిలోకి చూరునీళ్ళు దిగి, లోపలి బూడిద తడిసి ఉంది. తడిబూడిదకి ఒక వాసన ఉంటుంది. గ్యాసుపొయ్యిల మీద వంట నేర్చినవాళ్ళకి అది తెలియకపోవచ్చు. కొంచెం ఉప్పగా, కొంచెం పొగగా, అప్పుడే కడిగిన ఇత్తడి గిన్నెని ముక్కు దగ్గర పెట్టుకున్నట్టు ఉంటుంది. ఆ వాసన తగలగానే నాకు జోయ పిన్ని నవ్వు వినిపించింది. ఆవిడ పోయి రెండేళ్ళయింది. నేను కొత్తకోడలిగా ఈ ఊరు వచ్చినప్పటి నుంచి ఆవిడ పోయేవరకు మా రెండిళ్ళ మధ్య ఒక పిట్టగోడ మాత్రమే అడ్డం.

జోయ పిన్ని మా ఊరి మనిషి కాదు, మన దేశం మనిషి కూడా కాదు. రష్యాలో ఉద్ముర్తులనే ఒక జాతి ఉంది. వాళ్ళకి వేరే భాష ఉంది, వేరే దేవుళ్ళున్నారు. ఆ జాతి పల్లెటూళ్ళో పుట్టి, పట్నంలో నర్సు పని చేస్తూ, అక్కడికి డాక్టరు చదువుకి వెళ్ళిన మా పక్కింటి డాక్టరుగారిని పెళ్ళి చేసుకుని, సత్తెనపల్లికి ఆరేడు మైళ్ళ దూరంలో ఉన్న ఈ మిరపపొలాల ఊరికి వచ్చింది. పిల్లలు కలగలేదు. డాక్టరుగారు సత్తెనపల్లిలో వైద్యం చేసేవారు. ఆవిడ ఆయనకు సాయం వెళ్ళేది, ఊళ్ళో వాళ్ళకి సూదిమందు వేసేది. ఊరంతా మొదట్లో దొరసాని అన్నారట. తర్వాత జోయమ్మ అన్నారు. నేను వచ్చేసరికి ఆవిడ చీర కుచ్చిళ్ళు నాకంటే చక్కగా పెట్టుకునేది, గోంగూర నాకంటే బాగా నూరేది. తెలుగు కూడా గడగడా మాట్లాడేది.

నాది సింగరాయకొండ. మా నాన్న బడిపంతులు. మాకు సముద్రపు గాలి, గుడి గంట, రోడ్డు మీద లారీల రొద అలవాటు. ఇక్కడేమో కనుచూపు మేర పత్తి, మిరప, నల్లమట్టి. పెళ్ళయిన ఏడాది ఎండాకాలంలో పెరట్లో గోడవారన కూర్చుని ఏడుస్తున్నాను. అత్తయ్య చూస్తే మిరపఘాటు అని చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను. గోడ అవతలి నుంచి ఒక తెల్లటి ముఖం లేచింది.

"ఏంటమ్మాయ్, ఎందుకేడుస్తున్నావు?"

"మిరపకాయల ఘాటండీ," అన్నాను.

"మీ కాయలు మొన్ననే మార్కెట్ యార్డుకి పోయినాయిగా. కళ్ళం కూడా ఊడ్చేశారు. వేరే కారణం చెప్పు."

పట్టుబడిపోయి నవ్వేశాను. ఏమని పిలవాలో తెలియక "అత్తయ్యగారూ" అన్నాను. "అత్త నీకు ఒకావిడ చాల్లే. పిన్నీ అను," అంది. తర్వాత గోడ మీద మోచేతులు ఆనించి అడిగింది: "నువ్వు సింగరాయకొండని 'మా ఇల్లు' అంటావు. దీన్నేమో 'ఇక్కడ' అంటావు. రోజూ గోడ మీదుగా వింటున్నాను. నీ ఇంటిమనిషిని తెచ్చుకోలేదా?" మా ఆయన గురించి అడుగుతోందనుకుని, పొలం వెళ్ళారండీ అన్నాను. ఆవిడ పడీపడీ నవ్వింది.

ఇంటిమనిషి ఎవరో ఆ మధ్యాహ్నమే చెప్పింది. వాళ్ళ భాషలో ముర్త్ అంటే మనిషి. నీళ్ళలో వుముర్త్ అని నీటిమనిషి ఉంటాడు, గడ్డకట్టిన నది మంచు విడిచి కదిలే రోజున ఆయనకు రొట్టెముక్క వేస్తారు. అడవికి అడవిమనిషి, గొడ్లచావిడికి చావిడిమనిషి. ఇంటికి కొర్కాముర్త్. ఆయన పొయ్యి దగ్గరో నేలకిందో ఉండే ముసలాయన. కనపడడు. ఇంట్లో వాళ్ళు పడుకున్నాక గిన్నెలు సర్దుతాడు, కోపమొస్తే నూలు చిక్కులు పెడతాడు. ఇల్లు మారేటప్పుడు పాత పొయ్యిలోంచి బూడిద తీసుకుని, మాతో రా అని పిలవాలి. పిలవకపోతే పాత ఇంట్లోనే ఉండిపోయి ఏడుస్తాడు. కొత్త ఇంట్లో ఎంత కాలమున్నా మనం చుట్టాల్లానే ఉంటాం.

"మీరు తెచ్చుకున్నారా పిన్నీ?"

"లేదే. విమానంలో బూడిదేంటని ఈయన నవ్వుతాడేమోనని సిగ్గుపడ్డాను. మా అమ్మ మూట కట్టింది. నేనే తీసి పెట్టె కింద దాచి వచ్చేశా." గోడ మీది మట్టి గోటితో గీకుతూ, "చిన్నతనం," అంది.

నేను పంతులుగారి కూతుర్ని. ఇలాంటివి వింటే వాదన పెట్టుకోకుండా ఉండలేను. "మీరు నర్సు కదా. సూదిమందు వేసే చేత్తో ఇవన్నీ నమ్ముతారా?" అన్నాను. ఆవిడకి కోపం రాలేదు. "నమ్మడం సంగతి నాకు తెలీదు భారతీ. ఇంట్లో ఒక పెద్దాయన ఉన్నాడనుకో, గట్టిగా అరవం, గిన్నెలు విసరం, అన్నం పారేయం. అంతే నేను చేసేది," అంది. కోపమొస్తే గిన్నెలు విసిరే అలవాటు నాకుంది; గోడ మీదుగా అదీ విన్నదన్నమాట.

ఆవిడ దేవుళ్ళు మా ఇంటికి వచ్చింది గోడ మీదుగానే. మా అత్తయ్య మాట కరకు, చూపు కరకు. ఆవిడ ముందు నేను నోరు తెరవడానికే ఏడాది పట్టింది. ఒక భాద్రపదంలో పత్తి పూతమీద ఉంది. నేను మిట్టమధ్యాహ్నం బోరు దగ్గర బట్టలు ఉతుకుతుంటే పిన్ని గోడ అవతలి నుంచి ఆపింది. వాళ్ళ ఊళ్ళో పైరు పూతకొచ్చినప్పుడు మధ్యాహ్నాలు నదిలో బట్టలు ఉతకరట, కేకలు వేయరట, గడ్డిపూవు కూడా తుంచరట. నేల నిండుచూలాలుగా ఉందనీ, ఆ వేళ పొలాల్లో తిరిగే దేవతని కదిలించకూడదనీ అంటారట. ఆ దేవత పేరు ఇన్వోజో. లోపల కూర్చున్న అత్తయ్య ఇదంతా విని బయటికొచ్చింది. తిడుతుందేమోనని లేచి నిలబడ్డాను.

"ఇందులో కొత్తేముంది? మిట్టమధ్యాన్నం జుట్టు విరబోసుకుని బాయికాడికి పోవద్దని మేం మాత్రం చెప్పట్లా? ఈ కాలం పిల్లలు వింటేగా!" అంది, నావైపు గుడ్లురిమి. తర్వాత పిన్ని వైపు తిరిగి, "మీ ఊళ్ళో పోలేరమ్మ లాంటిది ఉందా జోయమ్మా?" అని పీట వేసుకు కూర్చుంది. ఆ మధ్యాహ్నం ఇద్దరూ దేవతల్ని పక్కపక్కన పెట్టి సంబంధాలు కలుపుకున్నారు. నా బట్టలు సాయంత్రం దాకా నానాయి.

మామయ్యగారిది ఇంకో కథ. పక్క చేనువాళ్ళకీ ఆయనకీ గట్టు తగాదా. ఏటా ఆయనొక జానెడు గోకేవారు, వాళ్ళొక జానెడు గోకేవాళ్ళు. పిన్ని ఒకసారి కిల్దిసిన్ గురించి చెప్పింది. ఆయన పైరుకి, పుట్టుకకి దేవుడు. ఒకప్పుడు తెల్లబట్టలు కట్టుకుని మనుషుల మధ్యే ఉండేవాడట. పొలం గట్ల మీద నడుస్తూ, వాలిన కంకుల్ని చేత్తో నిలబెట్టేవాడట. మనుషులకి ఆశ పెరిగి గట్లు కూడా దున్నేశారు. నడవడానికి చోటు లేక ఆయన వెళ్ళిపోయాడు. మామయ్యగారు చుట్ట కాలుస్తూ విని, "ఆయన మన పల్నాడు రాలేదు కాబట్టి సరిపోయింది, రెండో రోజుకే పోయేవాడు," అన్నారు. మర్నాడు మాత్రం పార తీసుకెళ్ళి గట్టుకి మట్టి వేసి వచ్చారు.

అలా ఏళ్ళు గడిచాయి. పిన్ని అమ్మ పోయిందని కబురొచ్చింది. అప్పుడు డాక్టరుగారికి ఒంట్లో బాగోక వెళ్ళలేకపోయింది. ఆ మరుసటి ఏడు ఆవిడ తమ్ముడు ఫోన్ చేశాడు: అమ్మ ఉన్న చెక్క ఇల్లు పుచ్చిపోయింది, పొయ్యితో సహా తీసేస్తున్నాం అని. ఆ రోజు పిన్ని గోడ దగ్గరికి వచ్చినప్పుడు ముఖంలో నెత్తురు లేదు. "పొయ్యి పోతే ఆయన ఎక్కడుంటాడు? నేను పాతికేళ్ళ కిందట పిలవాల్సింది," అంది. ఇప్పుడు మన పిల్లలు డాక్టరు చదువుకి ఆ వైపు చాలామంది వెళ్తున్నారు. డాక్టరుగారి స్నేహితుడి కూతురు అప్పుడు వాళ్ళ జిల్లా పట్నంలోనే చదువుతుండేది. ఆ అమ్మాయి ఒక సెలవురోజున బస్సెక్కి ఆ పల్లెకి పోయి, పొయ్యి పడగొట్టే ముందు బూడిద అడిగి తెచ్చేలా ఏర్పాటయింది. వేసవి సెలవులకి వచ్చేటప్పుడు తెస్తానంది. పిన్ని పెరట్లో మట్టి తొక్కి, తన చేతులతో చిన్న పొయ్యి వేసింది. ఎర్రమట్టితో అలికింది. రోజూ వెళ్ళి చూసుకునేది. పెళ్ళి పెట్టుకున్న ఇంట్లో అరుగు చూసుకున్నట్టు చూసుకునేది.

ఇక నేను చేసిన పని చెప్పాలి. చెప్పబోతే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఆషాఢంలో మేం పెరట్లో మిరప నారు పోశాం. అత్తయ్య ఆ ఏడు నారుమడి బాధ్యత మొదటిసారి నాకు అప్పజెప్పింది. విత్తనం చీమలు ఎత్తుకుపోతున్నాయి. బూడిద చల్లాలి. ఊళ్ళో అందరి ఇళ్ళలోనూ గ్యాసే, బూడిద ఎక్కడ దొరుకుతుంది? కట్టెలపొయ్యి మీద వండేది మా పనికి వచ్చే సుబ్బమ్మ ఒక్కతే. "రేపు డబ్బాలో పోసి అరుగు మీద పెట్టిపోతానమ్మా," అంది. మర్నాడు పెరట్లోంచి వచ్చి చూస్తే అరుగు మీద ఎర్ర రేకుడబ్బా ఉంది. మూత తీస్తే బూడిద. మెత్తగా, తెల్లగా, చిన్న రాయి కూడా లేదు. సుబ్బమ్మ జల్లించి మరీ ఇచ్చిందని మురిసిపోయాను. మడి అంతా చల్లాను. నీళ్ళు కొట్టాను. డబ్బా కడిగి పిట్టగోడ మీద బోర్లించాను. ఆ పూట నాకంటే పనిమంతురాలు ఊళ్ళో లేదనుకున్నాను.

సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే డాక్టరుగారూ పిన్నీ సత్తెనపల్లి నుంచి వచ్చారు. పిన్ని తల దువ్వుకుని పూలు పెట్టుకుని, పట్టుచీర కట్టుకుని, ఇంట్లో కాల్చిన రొట్టె పళ్ళెంలో పెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. అంత సంతోషంగా ఆవిణ్ణి నేనెప్పుడూ చూడలేదు.

"భారతీ, మా ముసలాయన వచ్చాడంటగా! ఆ పిల్ల నాన్న మా తలుపు తాళం వేసుందని మీ అరుగు మీద పెట్టి పోయాడంట. ఇప్పుడే ఫోన్ చేశాడు. ఎక్కడ కూర్చోబెట్టావు?"

ఆవిడ చూపు నాకంటే ముందు గోడ మీదికి పోయింది. కడిగి బోర్లించిన ఎర్రడబ్బా మీద వాళ్ళ అక్షరాలున్నాయి. పొద్దున నేనవి చూడనే లేదు. సుబ్బమ్మ ఆ రోజు పనికే రాలేదని కూడా అప్పుడే తట్టింది.

"ఎక్కడ చల్లావు?" అని అడిగింది. గొంతు పెంచలేదు. నారుమడి చూపించాను. ఆవిడ మడి గట్టు మీద నిలబడి తడిమట్టిని చూసింది. రొట్టె పళ్ళెం చేతిలోనే ఉంది. తర్వాత వెనక్కి తిరిగి ఇంటికి వెళ్ళి తలుపు వేసుకుంది.

మూడు రోజులు ఆ తలుపు తెరుచుకోలేదు. నేను తిండి తినలేదు. ఇంకో పిడికెడు తెప్పిద్దామంటే అక్కడ పొయ్యే లేదు, ఇల్లే లేదు. మా ఆయన ఓదార్చబోయి, "పోనీలే, బూడిదేగా," అన్నారు. అత్తయ్య ఆయన మీద విరుచుకుపడింది. "బూడిదేగా అంటావేరా? నా పుట్టింటి పసుపుడబ్బా ఎవరైనా నేలపాలు చేస్తే నేనూరుకునేదాన్నా?" తర్వాత నా వైపు తిరిగింది. నాకు పడాల్సింది పడుతుందని తల వంచుకున్నాను. ఆవిడ మాత్రం మెల్లిగా, "ఏమే, ఆ బూడిద తెచ్చుకున్నప్పుడు వాళ్ళు ఏం చేస్తారో నీకు చెప్పిందా?" అంది.

చెప్పింది. పెద్దింటి పొయ్యి నుంచి కొత్తింటికి బూడిద తీసుకెళ్తుంటే దాన్ని పెళ్ళి అంటారట. పాటలు పాడుతూ, చుట్టాలందరూ వెంట నడుస్తూ తీసుకెళ్తారట.

"మరింకేం? మన పెళ్ళిళ్ళకి పుట్టమన్ను తెచ్చుకోమా? మేళంతో పోయి తెస్తాంగా. మట్టిలో కలిసినంత మాత్రాన పెద్దోళ్ళు ఎక్కడికి పోతారే!"

నాలుగో రోజు పొద్దున అత్తయ్య తనే వెళ్ళి ఆ తలుపు కొట్టింది. నేను వెనక నిలబడ్డాను. తలుపు తీసిన పిన్ని కళ్ళు వాచి ఉన్నాయి. "జోయమ్మా, మీ పెద్దాయన మా మళ్ళో దిగాడు. దిగినాయన్ని మర్యాదగా సాగనంపాలిగా. పెళ్ళివారు రాకపోతే ఎట్టా?" అంది అత్తయ్య. పిన్ని మొదట అర్థం కానట్టు చూసింది. తర్వాత నవ్వబోయి ఏడ్చింది. మా అత్తయ్య ఒకరి భుజం మీద చెయ్యి వేయడం నేను అదే మొదటిసారి చూశాను.

మడిలో అప్పటికే మొలకలు పైకి లేస్తున్నాయి. పిన్ని చెప్పులు విప్పి మోకాళ్ళ మీద కూర్చుని, మొలకలతో సహా దోసెడు మట్టి తీసి ఎర్రడబ్బాలో పోసుకుంది. వాళ్ళ భాషలో ఏదో అంది. ఏమన్నారని అడిగితే, "'ముసలాయనా, నేనొచ్చా. లే, మనింటికి పోదాం' అన్నాను," అంది. అత్తయ్య డబ్బాకి పసుపు రాసి బొట్టు పెట్టింది. సుబ్బమ్మ పాడింది. పిన్ని తన భాషలో వేరే పాట ఎత్తుకుంది. రెండూ కలవలేదు. అయినా ఎవరూ ఆపలేదు. మా గుమ్మం నుంచి ఆవిడ పెరటి పొయ్యికి ముప్పై అడుగులు కూడా ఉండవు. ఆ ముప్పై అడుగులూ మేం పెళ్ళి నడిచినట్టు నడిచాం. మామయ్యగారు కండువా వేసుకుని ముందు నడిచారు.

పొయ్యి దగ్గర మట్టి దించాక పిన్ని నన్ను పక్కకి పిలిచింది. "నీ మీద కోపం వచ్చింది భారతీ. రాలేదని అబద్ధం చెప్పను. చాలా వచ్చింది," అంది. నేను ఆవిడ కాళ్ళ మీద పడబోతే పట్టుకుని ఆపింది. "కానీ మూడు రోజులూ ఒకటే అనుకున్నా. నేనొచ్చి పాతికేళ్ళు దాటింది, ఇంకా చెప్పులేసుకుని నేల మీద తిరుగుతున్నట్టే ఉన్నా. ఆయనొచ్చిన పూటే మట్టిలో దిగాడు, మిరపనారుకి కాపలా కూర్చున్నాడు. నాకంటే తెలివైనోడు."

ఆ మొలకల్లో నాలుగు పొయ్యి పక్కన బతికాయి. కాయలు కాసినప్పుడు మొదటి పచ్చడి మా ఇంటికే పంపింది. ఆ తర్వాత ఆవిడ బతికినన్నాళ్ళూ ఇంట్లో గ్యాసు ఉన్నా, రోజుకొకసారి ఆ పెరటి పొయ్యి వెలిగించి పాలో టీయో కాచుకునేది. "ముసలాయనకి చలేస్తుంది," అనేది. పల్నాడు ఎండల్లో చలేంటి పిన్నీ అంటే, "ఆయన సంగతి నీకేం తెలుసు," అని కసిరేది. డాక్టరుగారు ముందు వెళ్ళిపోయారు. తర్వాత ఒక మధ్యాహ్నం పడుకున్న పిన్ని మళ్ళీ లేవలేదు. పెరటి పొయ్యి ఇంకా గోరువెచ్చగా ఉంది.

ఇప్పుడు ఆ ఇంటిని డాక్టరుగారి తరఫువాళ్ళు అమ్మేశారు. కొన్నవాళ్ళు మంచివాళ్ళే, కొత్తగా మేడ కట్టుకుంటారట. పది గంటలకి జేసీబీ వస్తుందని చెప్పారు. పిన్ని పోయాక నేను తెచ్చి దాచుకున్న ఎర్రడబ్బాని ఎనిమిదింటికే అటక మీద నుంచి దించుకుని ఆ పెరట్లోకి వెళ్ళాను. పొయ్యి ముందు కూర్చుని తడిబూడిద చేత్తో తోడాను. పిలవాలి. పిన్ని అన్న మాటలు నాకు ఆ భాషలో రావు. ఒక్కసారైనా నేర్చుకోలేదే అని నా మీద నాకే కోపం వచ్చింది. చివరికి తెలుగులోనే అన్నాను: "ముసలాయనా, పిన్ని లేదు. ఈ ఇల్లు తీసేస్తున్నారు. నువ్విక్కడ ఒక్కడివే ఉండొద్దు. మా ఇంటికి రా."

ఆ చివరి మాట అన్నాక చెయ్యి ఆగింది. మా ఇల్లు అన్నాను. ఏ ఊరి ఇంటిని తలుచుకున్నానో ఆలోచించుకోవలసిన అవసరమే రాలేదు. పిన్ని ఉండి ఉంటే గోడ మీద మోచేతులు ఆనించి ఆ మాట పట్టుకునేది.

డబ్బా ఒళ్ళో పెట్టుకుని తిరిగి వచ్చేసరికి మా గుమ్మంలో అత్తయ్య కర్ర పట్టుకుని నిలబడి ఉంది. ఇప్పుడావిడకి చూపు సరిగా ఆనదు. రెండో చేతిలో కుంకంభరిణె ఉంది. వెళ్తున్నట్టు ఆవిడకి నేను ముందుగా చెప్పలేదు.

"పిలిచావా?"

"పిలిచానత్తయ్యా."

"ఏ భాషలో?"

"తెలుగులోనే. వాళ్ళది నాకు రాదుగా."

ఆవిడ వేళ్ళతో తడుముకుంటూ డబ్బాకి బొట్టు పెట్టింది. "ఫర్లేదులే. ఇన్నేళ్ళు మన మధ్యన ఉన్నాడు. ఆయనకీ వచ్చేసి ఉంటుంది," అంది. తర్వాత గుమ్మానికి అడ్డం లేకుండా పక్కకి జరిగి, నా వెనక ఇంకెవరో వస్తున్నట్టు కాసేపు అలాగే నిలబడింది.

ఆ డబ్బా ఇప్పుడు మా వంటింట్లో గ్యాసుపొయ్యి పక్కన ఉంది. గిన్నెలు విసిరే అలవాటు నాకింకా పూర్తిగా పోలేదు. విసరబోయినప్పుడు మాత్రం చెయ్యి దానంతటదే నెమ్మదిస్తుంది.